గబ్బిలం మోసిన కబురు, పశువుల తొట్టిలో జవాబు

డిసెంబరు నెల వచ్చిందంటే మన వారపత్రికల్లోనూ, తెలుగు సంఘాల సావనీర్లలోనూ ఒక క్రిస్మస్ కథ కనిపిస్తుంది. దాని నడక మీకూ తెలిసిందే. బీదింటి పిల్లవాడొకడుంటాడు. వాడికి కొత్తచొక్కా కావాలి. చర్చి గంటలు మోగుతుంటాయి. పండగ ముందురోజు రాత్రి ఎవరో దయగల పెద్దమనిషి ఆ చొక్కా తెచ్చిస్తాడు. ఈ కథల మీద నాకు కోపమేమీ లేదు. చిన్నప్పుడు చదివి ఏడ్చినవాణ్ణే. కానీ ఇప్పుడు చదువుతుంటే ఒక లోటు కనిపిస్తోంది. చొక్కా బదులు టపాకాయలు పెడితే అదే కథ దీపావళి సంచికకి పనికొస్తుంది. సేమ్యా పెడితే రంజాన్ సంచికకి పనికొస్తుంది. అంటే క్రిస్మస్ కథలో పండగ ఉంది గాని పుట్టుక లేదు.

రక్షకుడు అసలెందుకు పుట్టాలి? దేవుడు కాపాడదలచుకుంటే పైనుంచే కాపాడకూడదా? ప్రవక్తల చేత కబురు పంపితే చాలదా? పోనీ, రావాలనే అనుకుంటే పెద్దవాడిగానే దిగిరాకూడదా? తొమ్మిది నెలలు ఒక తల్లి కడుపులో ఉండి, పొత్తిగుడ్డల్లో చుట్టించుకుని, పాలకోసం ఏడవవలసిన పనేమిటి? క్రైస్తవ విశ్వాసంలో నాకు తెలిసి ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు. నేను వేదాంతిని కాను, పాఠకుణ్ణి. ఈ పుట్టుక తెలుగు అక్షరాల్లోకి ఎలా వచ్చింది, మనవాళ్ళు దాన్ని ఎక్కడ పట్టుకున్నారు, ఎక్కడ జారవిడిచారు అన్నదే ఇక్కడ నేను చూడదలచుకున్నది.

మాది ఒంగోలు దగ్గర పల్లె. ఉండేది బహ్రెయిన్‌లో, రిఫాలో. 1812లో కట్టిన కోట, దాని కింద హునైనియా లోయ, చుట్టూ ఎండిన మట్టిరంగు నేల, ఆ నేలలో పంతం పట్టినట్టు నిలబడే ఖర్జూరం చెట్లు. ఇక్కడ క్రిస్మస్‌కి సెలవు లేదు. డిసెంబరు 16న జాతీయ దినోత్సవానికి వీధులన్నీ ఎరుపు, తెలుపు దీపాలతో వెలుగుతాయి. 25వ తేదీ పనిరోజైతే మామూలుగానే పనిలోకి వెళతాం. ఆరాధన చాలామందికి శుక్రవారం. ఊళ్ళో అయితే చుట్టూ అందరూ పండగ చేసుకుంటుంటే ఈ పండగ ఎందుకని ఎవరూ అడగరు. ఇక్కడ పక్కన పనిచేసే మనిషి మర్యాదగా అడుగుతాడు. జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఒక అభ్యంతరం

ముందుగా ఎదుటివైపు వాదం వినాలి. నాలుగు సువార్తల్లో రెండింటిలోనే జనన కథ ఉంది. మార్కు నేరుగా బాప్తిస్మమిచ్చే యోహానుతో, యొర్దాను నదితో మొదలుపెడతాడు. యోహాను సువార్త వాక్యం శరీరమైందన్న తత్వం చెబుతుంది గాని అందులో పశువుల తొట్టి లేదు, కాపరులు లేరు. పౌలు తన ఉత్తరాల్లో క్రీస్తు స్త్రీకి పుట్టాడని ఒక్కముక్క అని ముందుకు వెళ్ళిపోతాడు. రోములో డిసెంబరు 25న ఈ జననాన్ని గుర్తు చేసుకున్నారనడానికి దొరికే మొదటి దాఖలా 336 నాటిది. ఈస్టర్ దానికంటే చాలా పాతది. కాబట్టి సిలువ, పునరుత్థానం ఉంటే చాలు, పుట్టుక కేవలం పీఠిక అనేవాళ్ళ మాట తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు.

అయితే తొలి శతాబ్దాల్లోనే ఒక వాదం బయల్దేరింది. క్రీస్తు మనిషిలా కనిపించాడే తప్ప నిజంగా మనిషి కాలేదని దాని సారాంశం. దేవుడికి ఆకలేమిటి, నొప్పేమిటి అని వాళ్ళ ఉద్దేశం. పైకి భక్తిలాగే ఉంటుంది. కానీ అదే నిజమైతే సిలువ కూడా వేషమే అవుతుంది. చావు నిజం కావాలంటే ముందు ఒళ్ళు నిజం కావాలి. ఒళ్ళు నిజం కావాలంటే పుట్టి తీరాలి. పీఠికని చింపేస్తే ఆఖరి అధ్యాయం కూడా ఊడిపోతుందన్నమాట. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ శరీరధారణ మీద రాసిన పుస్తకంలో ఒక పోలిక ఉంది. పలకమీద గీసిన బొమ్మ మరకలుపడి చెడిపోతే ఆ పలకని పారెయ్యరు. ఎవరి బొమ్మో ఆ మనిషే మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటే దానిమీదే సరిచేస్తారు. మనిషి దేవుడి పోలికలో చేసిన బొమ్మ. అది మాసిపోయింది. కాబట్టి ఆయనే రావాలి. ఉత్తరం పంపితే బొమ్మ బాగుపడదు.

ఈ గొడవలు ఎక్కడో రోములోనో, ఐగుప్తులోనో జరిగినవి, మన గల్ఫుకేం సంబంధం అనుకునేవాణ్ణి. ముహర్రక్ దీవిలో దైర్ అనే ఊరుంది. ఆ మాటకి మఠం అని అర్థం. పక్కనే సమాహీజ్. అక్కడి తవ్వకాల్లో బయటపడిన క్రైస్తవ కట్టడం నాలుగో శతాబ్దం నుంచి ఎనిమిదో శతాబ్దం మధ్యదని 2024లో ప్రకటించారు. ఆనాటి గల్ఫు తీరంలోని క్రైస్తవులు తూర్పు సంఘానికి చెందినవాళ్ళు. మరియను దేవుని తల్లి అనవచ్చా, క్రీస్తు తల్లి అనాలా అన్న తగువులో, 431లో ఎఫెసు సభ తీర్పుకి అవతలి పక్షాన నిలిచిన సంప్రదాయం వాళ్ళది. అంటే ఆ పొత్తిగుడ్డల్లో ఉన్నది ఎవరు అనే ప్రశ్న ఈ నేలకి కొత్త కాదు. మనం వేలమైళ్ళ నుంచి మోసుకొచ్చామనుకుంటున్న ప్రశ్న మనకంటే పదిహేను వందల ఏళ్ళ ముందే ఇక్కడికి వచ్చి ఉంది.

ఇక ఇక్కడి ఇరుగుపొరుగు సంగతి. ఖురాన్‌లో మర్యమ్ పేరుతో ఒక అధ్యాయమే ఉంది. అందులో ఆమె ఒంటరిగా ప్రసవవేదనతో ఖర్జూరం మొదలుని ఆనుకుంటుంది. చచ్చిపోయినా బాగుండునని బాధపడుతుంది. అప్పుడు దిగులుపడవద్దని ఒక స్వరం వినిపిస్తుంది. కాళ్ళదగ్గర నీటిపాయ, చెట్టు కుదిపితే రాలే పండ్లు. పశువుల తొట్టి బదులు ఖర్జూరం చెట్టు. కన్య కడుపున పుట్టాడన్న దాని మీద మాకూ వాళ్ళకూ పేచీ లేదు. వాళ్ళకి ఆయన గౌరవనీయుడైన ప్రవక్త, కబురు తెచ్చినవాడు. మాకు ఆయనే ఆ కబురు. తేడా అంతా అక్కడుంది. ఈ తేడాని ఇంత తేటగా చూడడం నాకు రిఫాలోనే అలవాటైంది.

మాటల సంగతి

తెలుగులో ఈ పుట్టుకని చెప్పడానికి మొదట దొరికిన మాట అవతారం. తెలుగు అచ్చు చరిత్రే ఒక రకంగా ప్రవాసంలో మొదలైందనాలి. 1746లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించిన చిన్న క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకం తొలి తెలుగు అచ్చుపుస్తకాల్లో ఒకటి. అప్పటినుంచి ఇప్పటిదాకా పాదిరీలూ, వాళ్ళతో పనిచేసిన తెలుగు పండితులూ ఈ మాటల దగ్గర తడుముకుంటూనే ఉన్నారు. అవతారం అంటే దిగిరావడం. వినగానే తెలుగువాడికి తెలుస్తుంది. అదే దాని సుగుణం, దాని చిక్కు కూడా. అవతారాలు అనేకం. దుష్టశిక్షణ అయిపోగానే పని ముగుస్తుంది. క్రైస్తవులు చెప్పేది ఒక్కసారే జరిగిన పుట్టుక. దాల్చిన శరీరాన్ని మళ్ళీ విడిచిపెట్టని పుట్టుక.

రక్షకుడు అన్న మాట సంగతీ ఇంతే. రక్షణశాఖ, రక్షకభటుడు లాంటి మాటలు రోజూ వినే చెవికి రక్షకుడంటే కండబలం ఉన్నవాడు, కాపలా కాసేవాడు. లూకా రాసిన కథలో రక్షకుడు పుట్టాడని దూత చెబుతాడు. కాపరులు వెళ్ళి చూస్తే ఇంకొకరు రక్షిస్తే తప్ప బతకలేని పసిగుడ్డు. ఈ మాటకీ ఆ దృశ్యానికీ పొంతన లేకపోవడమే ఆ కథలోని పస. మన నాటకాలూ, పాటలూ చాలావరకు ఈ పొంతనలేనితనాన్ని చూసి కంగారుపడి పిల్లవాడికి కిరీటం పెట్టేస్తాయి.

భాగవతం చదువుకున్న పాఠకులు ఇక్కడ నన్ను ఆపుతారు, ఆపాలి కూడా. కృష్ణుడు చెరసాలలో పుట్టలేదా, కంసుడు పసిపిల్లల్ని చంపించలేదా, రాత్రికి రాత్రి బిడ్డని యేరు దాటించలేదా? హేరోదు కథ విన్న ప్రతి తెలుగువాడికీ కంసుడు గుర్తుకొస్తాడు. పోలిక నిజమే. తేడా ఒకచోట ఉంది. దేవకికి ఆ బిడ్డ ముందు నాలుగు చేతులతో, శంఖచక్రాలతో కనిపిస్తాడు. ఆమె వేడుకున్నాక మామూలు శిశువవుతాడు. లూకా కథలో తొట్టి దగ్గర ఏ వెలుగూ లేదు. వెలుగంతా ఊరిబయట పొలంలో, రాత్రిపూట మందలు కాస్తున్న కూలివాళ్ళ మీద పడింది. వాళ్ళకి చెప్పిన ఆనవాలు గుడ్డలూ, తొట్టీ. అవి ఏ బీద బిడ్డకైనా ఉండేవే. తల చుట్టూ వెలుగుచక్రం గీసింది చిత్రకారులు. లూకా గియ్యలేదు.

అయితే ఆ యశోద ఇంటినుంచే తెలుగు క్రైస్తవానికి ఒక గొప్ప సాధనం దొరికింది. అది లాలిపాట. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధురి (1803–1890) లాంటివాళ్ళు మన రాగాల్లో, తాళాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో క్రిస్మస్ పాటల మధ్య లాలిపాటలూ ఉన్నాయి. పండితులు ఆ పాటల్ని సాహిత్యంగా లెక్కపెట్టరు. నా ఉద్దేశంలో మాత్రం ఈ విషయం మీద తెలుగులో వచ్చిన మంచి వ్యాఖ్యానం వాటిలోనే ఉంది. స్తోత్రంలో దేవుడు పైన ఉంటాడు, మనం కింద ఉంటాం. లాలిపాటలో దేవుడు ఒళ్ళో ఉంటాడు. ఆయన్ని జోకొట్టేది మనం. రక్షకుడికి మన కాపుదల కావలసి వచ్చిందన్న మాటని ఏ వాదమూ లేకుండా ఒప్పించేస్తుంది ఆ పాట. రామలాలి, కృష్ణలాలి వింటూ పెరిగిన చెవులకి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గబ్బిలం, ఆ తర్వాత

ఇక అసలు సంగతికి వస్తాను. గుర్రం జాషువాకి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది "క్రీస్తు చరిత్ర"కి. అందరి నోళ్ళలో ఉన్నది మాత్రం 1941లో వచ్చిన "గబ్బిలం". విమర్శకులు గబ్బిలాన్ని సామాజిక కావ్యంగా ఒక అరలో, క్రీస్తు చరిత్రని మతకావ్యంగా ఇంకో అరలో పెడుతుంటారు. రెండింటినీ కలిపి చదివిన వ్యాసం నా కంటపడలేదు. కలిపి చదవాలని నేనంటాను.

గబ్బిలానికి ముందు కాళిదాసు మేఘసందేశం ఉంది. అందులో యక్షుడు కొలువులో ఏమరుపాటుకి శిక్షగా ఏడాదిపాటు ఇల్లు విడిచి రామగిరిలో ఉండవలసి వస్తుంది. ఆషాఢమేఘంతో భార్యకి కబురు పంపుతాడు. కాంట్రాక్టు పూర్తయ్యేదాకా ఇంటికి పోలేని మనలాంటివాడే అనుకోండి. అయితే అతనికి తిరిగి వెళ్ళే తేదీ తెలుసు. గబ్బిలంలో కబురు పంపే దళితుడికి ఆ తేదీ లేదు. అతని వెలి ఏడాదితో తీరేది కాదు. గుడి తలుపు అతనికి మూసి ఉంది. అందుకని గుడిలో వేలాడే గబ్బిలాన్ని పట్టుకుంటాడు. పూజారి దగ్గరలేని సమయం చూసి తన బాధ శివుడి చెవిన వెయ్యమంటాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. ఆ కావ్యంలోని వ్యంగ్యమంతా అక్కడే ఉంది.

అతని నేరమేమిటి? పుట్టుక. వేరే ఏమీ లేదు. జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇటు పండితులు అతని పుట్టుకని ఎత్తిచూపి అవమానించారు. అటు చర్చి పెద్దలు పురాణకథలు రాస్తున్నాడని తప్పుపట్టారు. మన సమాజంలో పుట్టుకంటే ఒక సంఘటన కాదు, ఒక తీర్పు. కొందరికి పుట్టగానే బహుమతి, కొందరికి పుట్టగానే శిక్ష. ఇలాంటి చోట ఒక దేవుడు పుట్టాడు అంటే వినేవాడు వెంటనే అడిగే ప్రశ్న ఎప్పుడు పుట్టాడని కాదు. ఎక్కడ, ఎవరింట్లో అని.

గబ్బిలం మనిషి దేవుడికి రాసిన ఉత్తరం. జవాబు రాకుండానే ఆ ఉత్తరం మన చేతుల్లో మిగిలిపోతుంది. క్రీస్తు చరిత్రని ఆ ఉత్తరానికి జవాబుగా చదివి చూడండి. జవాబు మాటల్లో రాలేదు. మనిషి రూపంలో వచ్చింది. అది గుడిలోకి రాలేదు, రాజుగారి మేడలోకి రాలేదు. తలుపు మూయడానికి వీల్లేని కొట్టంలోకి వచ్చింది. గుడిలోకి పోలేనివాడి దగ్గరికి గుడిలో ఉండవలసినవాడే నడిచి వచ్చాడు. ఇది జాషువా అలా అనుకునే రాశాడని నేను చెప్పడం లేదు. రెండు కావ్యాలూ పక్కపక్కన పెట్టుకుంటే పాఠకుడికి తోచే సంగతి ఇది.

ఒక చిన్న పేచీ కూడా పెట్టుకోవాలి. ఆస్థానాల్లో పెరిగిన పద్యంలో పశువుల తొట్టి కథ చెబితే ఆ పసిబిడ్డకి జరీబట్టలు కట్టినట్టు కాదా? కొంతవరకు అవుననే అంటాను. పద్యం గంభీరంగా లేచినప్పుడల్లా బేత్లెహేము కొంచెం దూరం జరుగుతుంది. లాలిపాటలో ఉన్న దగ్గరతనం పద్యంలో రావడం కష్టం. కానీ పద్యం ఎవరి సొత్తో ఆ కాలంలో అందరికీ తెలుసు. పల్లెలో పుట్టినవాడు ఆ పద్యాన్ని చేతిలోకి తీసుకుని కొట్టంలో పుట్టినవాడి కథ చెప్పడమంటే, చోటు లేదన్న ఇంట్లోకి వచ్చి కూర్చోవడమే. అందువల్ల ఆ జరీని నేను పెద్ద తప్పుగా ఎంచను.

మా ఒంగోలు వైపు ఈ మాటకి ఒక చరిత్ర ఉంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని కూలివాళ్ళకి పని కల్పించాడు. కూటికోసం కలిశారన్న మాట రాకుండా కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళకి అథనేసియస్ తెలియదు, ఎఫెసు సభ తెలియదు. కానీ పశువుల కొట్టంలో పుట్టాడన్న ముక్క వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పవలసిన అవసరం ఉండి ఉండదు. తోలుపనీ, పశువులూ వాళ్ళ బతుకే. బోధకుడి మాటల్లో మిగతా అంతా దూరదేశపు సంగతి. ఆ ఒక్కటి పెరట్లో సంగతి.

లూకా వేరు, మత్తయి వేరు

మన క్రిస్మస్ నాటకాల్లో కాపరులూ, జ్ఞానులూ ఒకే రాత్రి ఒకే కొట్టంలోకి వస్తారు. వేదిక మీద అందంగానే ఉంటుంది. కానీ లూకా కథలో జ్ఞానులు లేరు, మత్తయి కథలో కాపరులు లేరు. ఇద్దరూ ఒకే పుట్టుక గురించి రెండు వేర్వేరు మాటలు చెబుతున్నారు. కలిపేస్తే రెండూ పోతాయి.

లూకా మాట చోటు గురించి. జనసంఖ్య కోసం ఊరు విడిచి వచ్చిన గర్భిణికి సత్రంలో చోటు దొరకలేదు. ఇక్కడ లూకా వాడిన గ్రీకు మాటకి ఇంట్లో అతిథుల గది అనే అర్థం కూడా ఉంది. తన సువార్త చివర్లో, యేసు శిష్యులతో ఆఖరి భోజనం చేసిన గదికీ అదే మాట వాడతాడు. పుట్టినప్పుడు ఏ గదిలో చోటు దొరకలేదో, చనిపోయే ముందురాత్రి అలాంటి గదిలోనే అందరికీ చోటిచ్చి రొట్టె పంచాడని చదువుకోవచ్చు. మన అనువాదంలో ఒకచోట సత్రం, ఒకచోట విడిదిగది అయ్యేసరికి ఆ ముడి కనిపించకుండా పోయింది. గల్ఫులో ఉన్నవాడికి మాత్రం ఈ సన్నివేశం వెంటనే తెలుస్తుంది. దుకాణాల గోడల మీద 'బెడ్ స్పేస్' అని కాగితాలు అంటించి ఉంటాయి. గది కాదు, మంచం పట్టేంత చోటు. పశువుల తొట్టి కూడా బెడ్ స్పేసే.

మత్తయి మాట వంశం గురించి, భయం గురించి. అతని మొదటి అధ్యాయంలో పేర్ల జాబితా ఉంటుంది. బైబిలు చదవడం మొదలుపెట్టినవాళ్ళు ముందుగా దాటేసే పేజీ అది. వంశవృక్షం అంటే ప్రాణమిచ్చే మన తెలుగువాళ్ళు దాటకూడని పేజీ కూడా అదే. అబ్రాహాము, దావీదు అని ఘనంగా మొదలుపెట్టి మధ్యలో తామారునీ, రాహాబునీ, రూతునీ, ఊరియా భార్యనీ నిలబెడతాడు. ఏ పెద్దింటివాళ్ళయినా తమ వంశావళిలోంచి కొట్టేసే పేర్లు. రూతు పరాయిదేశపు విధవరాలు, అత్త వెంట వలసవచ్చి పొలంలో పరిగె ఏరుకున్న మనిషి. గొప్ప వంశం అని చెబుతూనే వంశగౌరవాన్ని తలకిందులు చేసే జాబితా అది. దీన్నిబట్టి ఒక మంచి తెలుగు కథ ఇప్పటిదాకా ఎందుకు రాలేదో నాకు అర్థంకాదు.

ఆ తర్వాత బంగారం, సాంబ్రాణి, బోళం. రిఫా సూకులో సాంబ్రాణి వాసన తగలని సాయంత్రం ఉండదు. బోళం శవానికి పూసే పరిమళం. ఉయ్యాల్లో బిడ్డకి ఎవరూ ఇవ్వని కానుక. దాని వెనకే హేరోదు కత్తి. ఆ రాత్రికి రాత్రే తల్లీబిడ్డలతో యోసేపు ఐగుప్తుకి పారిపోవడం. మన పాటలూ నాటకాలూ నక్షత్రం దగ్గర ఆగిపోతాయి. చనిపోయిన పసిపిల్లల తల్లుల ఏడుపుని మత్తయి వదిలిపెట్టలేదు. మనం వదిలేశాం. పండగపూట ఎందుకని కాబోలు. కానీ రక్షకుడు పుట్టగానే లోకంలో చెడు మాయం కాలేదనీ, ఆయన ఆ చెడుకి చిక్కేంత దగ్గరికి వచ్చి పుట్టాడనీ చెప్పేది ఆ భాగమే. దాన్ని తీసేస్తే మిగిలేది అలంకరణ.

డ్రాఫ్టూ, మనిషీ

2022 నవంబరు 5న రిఫాలోని జాతీయ స్టేడియంలో పోప్ ఫ్రాన్సిస్ దివ్యబలిపూజ జరిపారు. సుమారు 30 వేలమంది వచ్చారు. చాలామంది గల్ఫు దేశాల్లో పనిచేసే పరాయిదేశపువాళ్ళే. రిఫాకి దగ్గర్లోనే అవాలిలో 2021లో పెద్ద కతీడ్రల్ లేచింది. నేను కాథలిక్కుని కాను. అయినా ఆ సంఖ్య చూసినప్పుడు నాకు తోచింది ఇది: వీళ్ళలో ఎంతమంది తండ్రులు తమ బిడ్డ పుట్టినరోజున ఇంటి దగ్గర లేరో.

ఇక్కడ బిడ్డ పుట్టిన కబురు ఫోనులో వింటారు. గదిలో నలుగురికీ మిఠాయి పంచుతారు. ఆ నెల ఇంకొంచెం ఎక్కువ పంపుతారు. డబ్బు చేరుతుంది. పాలడబ్బాలు, బంగారపు గొలుసు, ఆడుకునే కారు కూడా చేరతాయి. రెండేళ్ళకి మనిషి చేరేసరికి బిడ్డ తల్లి కొంగు చాటుకి వెళ్ళి కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తుంది. పంపినవాడిలో ప్రేమ లేదని ఎవరూ అనరు. ప్రేమ లేకపోతే ఈ ఎండలో పనిచేసేవాడా? కానీ పంపడం వేరు, ఉండడం వేరు. ఈ తేడా గల్ఫు కుటుంబాలకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

క్రీస్తు పుట్టుక గురించి క్రైస్తవ విశ్వాసం చెప్పే మాట నాకు ఈ తేడాలోంచే అర్థమైంది. ధర్మశాస్త్రం వచ్చింది, ప్రవక్తలు వచ్చారు, వర్షం వచ్చింది, పంట వచ్చింది. అన్నీ పంపినవే. ఆయన మంచివాడని చెప్పడానికి అవి చాలు. పంపడంతో ఊరుకోక తానే వచ్చి పుట్టాడు అన్నది ఇంకో మాట. ఇమ్మానుయేలు అంటే మనతో ఉన్న దేవుడు అని కదా అర్థం. పెద్దవాడై దిగితే అతిథి అవుతాడు. పుట్టితేనే ఇంటివాడవుతాడు. ఒక తల్లికి రుణపడతాడు, ఒక భాష నేర్చుకుంటాడు, ఒక ఊరి యాస వస్తుంది, ఒక వృత్తి పట్టుబడుతుంది. ముప్పయ్యేళ్ళు ఎవరూ గుర్తించకుండా బతుకుతాడు. సిలువ మీద ఆయన ఇచ్చింది ఇలా సంపాదించుకున్న బతుకునే.

అయితే ఈ మాట చెప్పుకునే మనం ఏం చేస్తున్నామన్నది చూసుకోవాలి. మన చర్చిల్లో కులం పోలేదు. ఊళ్ళో శ్మశానాలు వేరు, సంబంధాలు వేరు. సముద్రం దాటి వచ్చాక కూడా ఆరాధన అయిపోయి టీ తాగుతున్నప్పుడు కొత్తగా వచ్చినవాణ్ణి ముందు ఊరు అడుగుతాం, తర్వాత ఇంటిపేరు అడుగుతాం. నిజానికి అడగదలచుకున్నది ఆ రెండూ కాదు. రాహాబు పేరూ, రూతు పేరూ ఉన్న వంశావళిని చదివి ఆమెన్ అన్న నోటితోనే ఆ ప్రశ్న అడుగుతున్నాం. పుట్టుక మీద మనం ఇచ్చే తీర్పు మారనంతవరకు ఈ పుట్టుకని పండగ చేసుకుంటున్నామే గాని నమ్మడం లేదు.

తెలుగులో రాసేవాళ్ళకి, ముఖ్యంగా దూరదేశాల్లో ఉండి రాసేవాళ్ళకి, నా మనవి ఒకటే. వచ్చే డిసెంబరు సంచికకి కథ రాసేటప్పుడు కొత్తచొక్కాని కాసేపు పక్కన పెట్టండి. చోటు లేదన్న గది గురించి రాయండి. తాము దాటేసిన పేర్ల గురించి రాయండి. రాత్రికి రాత్రి దేశం దాటిన కుటుంబం గురించి, ఆ ఊళ్ళో మిగిలిపోయిన తల్లుల గురించి రాయండి. గబ్బిలం చేత కబురు పంపినవాడు ఇంకా తలుపు బయటే నిలబడి ఉన్నాడు. అతని దగ్గరికి ఎవరో నడిచి వచ్చిన కథ మనం రాయవలసి ఉంది.